సమైక్యము – అధికార ప్రదానము: బ్రిటిషు దీవుల అనుభవము

ఒకే రాజ్యమున పెక్కు జాతులు కలసి జీవించుచున్నపుడు, ఆ జాతులకు తమ ఇంటి వ్యవహారములను తామే చక్కబెట్టుకొను అధికారము నొసంగినచో ఆ రాజ్యము బలపడునా, బలహీనపడునా అను ప్రశ్న మిక్కిలి పాతది. దీనికి తర్కబలముతో సమాధానము చెప్పినవారు పెక్కుమంది కలరు. చరిత్రను సాక్షిగా నిలిపి చెప్పినవారు తక్కువ. బ్రిటిషు దీవుల చరిత్ర ఈ విషయమున సాటిలేని సాక్ష్యము. అచట అధికారమును నిరాకరించుటయు, ఒసంగి మరల తీసికొనుటయు, ఒసంగి నిలుపుటయు మూడును జరిగినవి. ఐర్లండు మొదటిదానికి, ఉత్తర ఐర్లండు రెండవదానికి, స్కాట్లండు, వేల్సులు మూడవదానికి ఉదాహరణములు. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నిలిపి పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పదవిచారము

ముందుగా రెండు పదములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఆంగ్లేయులు 'డెవొల్యూషన్' అని వాడు మాటను ఇచట 'అధికార ప్రదానము' అని వ్యవహరించుచున్నాను. ఇది కేవలము పరిపాలనా వికేంద్రీకరణము కాదు. వికేంద్రీకరణమున కేంద్రముయొక్క ఉద్యోగి దూరప్రాంతమునకు పోయి కేంద్రముయొక్క ఆజ్ఞనే అమలు జరుపును. అధికార ప్రదానమున ఆ ప్రాంతపు ప్రజలు ఎన్నుకొన్న సభ తన స్వబుద్ధితో శాసనములు చేయును. అట్లని ఇది సమాఖ్యయు కాదు. సమాఖ్యలో కేంద్రమునకును అంగరాజ్యములకును పైన ఒక రాజ్యాంగము కలదు. అధికార ప్రదానమున ఇచ్చిన సభయే పైన నుండును. ఇచ్చినదానిని మరల తీసికొను హక్కు న్యాయశాస్త్రదృష్టిచే దానియందే మిగిలియుండును. ఈ చిన్న భేదములోనే నూరేండ్లకు మించిన వివాదము ఇమిడియున్నది.

రెండవ పదము 'జాతి'. మనము 'ఆంధ్రజాతి' యందుము. 'భారతజాతి' యనియు నందుము. ఒక మాటను రెండర్థములలో వాడుచున్నందున మనకు గలుగు ఇబ్బంది ఏమియు లేదు. ఒకటి రెండవదానిలో ఇముడునని మన నిత్యానుభవము చెప్పుచున్నది. స్కాట్లండు నివాసియు అట్లే తాను స్కాట్ జాతీయుడననియు, బ్రిటిషువాడననియు ఒక్క ఊపిరిలో చెప్పగలడు. అట్టివాడు ఆ రెంటిలో ఒకదానిని ఎన్నుకొని తీరవలెనను నిర్బంధము ఎప్పుడు కలుగుచున్నదో అప్పుడే సమైక్యమునకు ముప్పు ప్రారంభమగుచున్నది.

ఈ విషయమున పందొమ్మిదవ శతాబ్దమున రెండు సిద్ధాంతములు ఎదురెదురుగా నిలిచినవి. జాన్ స్టువర్ట్ మిల్ 1861 లో ప్రకటించిన ప్రాతినిధ్య ప్రభుత్వ గ్రంథమున, వేరువేరు జాతులు కలసియున్న దేశమున స్వేచ్ఛాయుత సంస్థలు నిలుచుట దాదాపు అసాధ్యమని అభిప్రాయపడెను. మరుసటి సంవత్సరమే ఆక్టన్ తన 'జాతీయత' అను వ్యాసమున దీనికి విరుద్ధమైన వాదమును ప్రతిపాదించెను: ఒకే రాజ్యమున పెక్కు జాతులుండుట ఆ రాజ్యపు స్వేచ్ఛకు పరీక్షయు, రక్షణయు నగునని ఆతని మతము. తరువాతి చరిత్రను ఈ ఇద్దరి వాదములకు వ్యాఖ్యానముగా చదువవచ్చును.

సమ్మేళనముల స్వభావము

ఐక్యరాజ్యము ఒక్కసారిగా, ఒక్క పద్ధతిగా ఏర్పడినది కాదు. వేల్సు 1536, 1542 సంవత్సరముల శాసనములచే ఇంగ్లండులో కలుపబడెను. స్కాట్లండు 1603 నుండి ఒకే రాజు క్రిందనుండి, 1707 లో రెండు పార్లమెంటుల ఒడంబడిక మూలమున ఇంగ్లండుతో కలిసెను. పార్లమెంటు పోయినను దాని చర్చి, న్యాయశాస్త్రము, విద్యావిధానము నిలిచినవి. ఐర్లండు 1801 జనవరి 1 నుండి కలుపబడెను. కాథలిక్కులకు పార్లమెంటు సభ్యత్వపు హక్కు ఈ సమ్మేళనముతోపాటు లభించునని వారు ఆశించిరి. ప్రధాని పిట్ ఉద్దేశమును అదియే. కాని రాజు మూడవ జార్జి అంగీకరింపలేదు. ఆ హక్కు 1829 వరకు రాలేదు. కావున స్కాట్లండు సమ్మేళనము తన సంస్థలను దక్కించుకొన్న ఒడంబడిక. ఐర్లండు సమ్మేళనము ఆరంభముననే మాట తప్పిన ఒడంబడిక. అటుపిమ్మట 1845 మొదలుకొని వచ్చిన మహాక్షామమున దాదాపు పదిలక్షలమంది మరణించిరి. అంతకు మించినవారు దేశము విడిచిపోయిరి. దూరమందున్న పార్లమెంటు తమ గోడు విననిదను భావము ఐరిష్ ప్రజలలో వేరూనెను.

ఐర్లండు: నిరాకరణము

1870 లో ఐజక్ బట్ అను న్యాయవాది స్వగృహపాలనోద్యమమును ప్రారంభించెను. ఆతడు ప్రొటెస్టెంటు, వేర్పాటువాది కాడు. బ్రిటిషు సామ్రాజ్యమును విడువకయే డబ్లిన్‌లో ఐరిష్ వ్యవహారములకు ఒక పార్లమెంటు కావలెననునదియే ఆతని కోరిక. ఈ ఉద్యమపు పేరే 'హోమ్ రూల్'. 1916 లో అనిబిసెంటు మదరాసున స్థాపించిన హోమ్ రూల్ లీగు ఈ పేరును గ్రహించినదే గనుక తెలుగువారికి ఇది పరాయిమాట కాదు. బట్ తరువాత నాయకత్వము వహించిన పార్నెల్ 1885 ఎన్నికలలో 86 స్థానములను సంపాదించెను. అంతట గ్లాడ్‌స్టన్ 1886 లో మొదటి స్వగృహపాలన బిల్లును ప్రవేశపెట్టెను. స్వపక్షమునుండియే 93 మంది సభ్యులు వ్యతిరేకముగా ఓటు వేసినందున ఆ బిల్లు 30 ఓట్ల తేడాతో ఓడిపోయెను. లిబరల్ పక్షము రెండుగా చీలెను.

ప్రతిపక్షవాదములలో మిక్కిలి పదునైనది ఆక్స్‌ఫర్డు న్యాయాచార్యుడైన డైసీ వాదము. ఆతని వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. అందలి ముఖ్యాంశములు మూడు. మొదటిది సార్వభౌమత్వము. అది పార్లమెంటునందు అవిభాజ్యముగా నున్నది. దానిని పంచుకొనజూచుట ఐర్లండుకు మాత్రమే సంబంధించిన మార్పు కాదు, రాజ్యాంగము మొత్తమును తలక్రిందులు చేయుట. రెండవది ప్రాతినిధ్యము. ఐరిష్ సభ్యులను లండనులో నుంచినచో తమ వ్యవహారములలో ఇతరులు జోక్యము చేసికొనరాదు గాని తాము ఇతరుల వ్యవహారములను నిర్ణయింతురు. తొలగించినచో ప్రాతినిధ్యము లేకయే పన్నులు చెల్లింతురు. మూడవది అల్పసంఖ్యాకులు. ఐర్లండులోని ప్రొటెస్టెంటులను, ముఖ్యముగా అల్‌స్టర్ వాసులను, వారు కోరని సభకు అప్పగించుట ఎట్లు న్యాయమగును?

రెండవ అంశమునకు గ్లాడ్‌స్టన్ ఎన్నడును సరియైన సమాధానము చెప్పలేకపోయెను. 1886 బిల్లులో ఐరిష్ సభ్యులను లండను సభనుండి తొలగించెను. 1893 బిల్లులో 80 మందిని ఉంచి, ఐరిష్ వ్యవహారములు చర్చకు వచ్చినపుడే వారు ఓటు వేయవలెనని మొదట తలచెను. పిదప దానిని విడిచి అన్ని విషయములందును ఓటు ఒసంగెను. ఆ బిల్లు కామన్స్ సభలో నెగ్గినను ప్రభువుల సభ దానిని 419 ఓట్లతో తిరస్కరించెను. అనుకూలముగా వచ్చిన ఓట్లు 41 మాత్రమే.

తరువాత అధికారమునకు వచ్చిన కన్సర్వేటివులు వేరొక మార్గము త్రొక్కిరి. స్వగృహపాలనమును దయతో చంపుదుమనునది వారి విధానముగా పేరు పొందెను. 1898 లో స్థానిక ప్రభుత్వ సంస్కరణమును, 1903 లో కౌలుదారులు భూమిని కొనుటకు ఋణసహాయమును కల్పించిరి. ఇవి నిజముగా మేలైన శాసనములు. ఐరిష్ రైతు భూస్వామి యయ్యెను. కాని కోరిక చావలేదు. కడుపు నిండిన జాతి గౌరవమును మరచునను లెక్క తప్పెను.

1911 లో ప్రభువుల సభ నిషేధాధికారము తగ్గింపబడినందున 1912 లో మూడవ బిల్లు వచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 28న అల్‌స్టరున నాలుగులక్షలకు మించిన స్త్రీపురుషులు దానిని ప్రతిఘటింతుమని సంతకములు చేసిరి. 1914 సెప్టెంబరున అది శాసనమయ్యెను. కాని యుద్ధము ముగియువరకు అమలు నిలుపబడెను. 1916 ఈస్టరు తిరుగుబాటును, దాని నాయకులకు విధించిన మరణశిక్షలును ప్రజల మనస్సులను మార్చినవి. 1918 ఎన్నికలలో ఐర్లండులోని 105 స్థానములలో సిన్‌ఫేన్ పక్షము 73 గెలుచుకొనెను. నలుబదియేండ్లు పార్లమెంటులో స్వగృహపాలనకై వాదించిన పక్షము అడుగంటెను. 1921 డిసెంబరు ఒడంబడికతో, మరుసటి సంవత్సరము స్వతంత్ర ఐరిష్ రాజ్యము ఏర్పడెను. 1949 లో అది గణతంత్రమయ్యెను.

1886 లో ఇచ్చినచో ఐర్లండు నిలిచియుండెడిదని నిశ్చయముగా చెప్పుటకు వీలులేదు. చరిత్రకారునకు జరుగనిదానిపై తీర్పు చెప్పు అధికారము లేదు. కాని జరిగినది స్పష్టము: సమైక్యమును కాపాడుటకై నిరాకరించిన చోటనే సమైక్యము తెగిపోయెను. అదియును, స్వల్పమును కోరిన బట్, పార్నెల్‌ల వారసులు ఓడి, సర్వమును కోరినవారు గెలిచిన తరువాతనే తెగెను.

ఉత్తర ఐర్లండు: ఒసంగి తీసికొనుట

ఇచట చరిత్ర ఒక విపరీతమును చూపినది. 1920 శాసనము ఐర్లండును రెండుగా విభజించి, రెండింటికిని పార్లమెంటుల నిర్దేశించెను. దక్షిణము దానిని అంగీకరింపలేదు. అధికార ప్రదానమును ప్రాణములొడ్డి వ్యతిరేకించిన అల్‌స్టర్ ప్రొటెస్టెంటులకే అది దక్కెను. 1921 నుండి 1972 వరకు ఒకే పక్షము అచట నిరంతరాయముగా పాలించెను. కాథలిక్కులు జనసంఖ్యలో మూడవవంతు ఉండియు ప్రభుత్వమున భాగము పొందలేదు. 1929 లో ఆ పార్లమెంటు ఎన్నికలలో అనుపాత ప్రాతినిధ్యము రద్దయ్యెను. ఉద్యోగములందును, పురపాలక గృహముల పంపకమునందును పక్షపాతము కలదను ఫిర్యాదులు పెరిగెను. సర్వాధికారియగు లండను పార్లమెంటు ఏమి చేసినది? అప్పగించిన విషయములను తన సభలో చర్చింపరాదని 1923 నాటికే సభాపతి నిర్ణయము చేసియుండెను. న్యాయముగా సార్వభౌమత్వము లండనులో నిలిచినది. నిజముగా అర్ధశతాబ్దము నిద్రించెను.

1968 లో పౌరహక్కుల ఉద్యమము, 1969 లో వీథులలో సైన్యము, 1972 మార్చిలో ఆ పార్లమెంటు నిలుపుదల ఒకదానివెంట ఒకటి వచ్చినవి. ఇచ్చినదానిని తీసికొనుట వలన శాంతి కలుగలేదు. దాదాపు మూడు దశాబ్దముల కలహమున 3,500 మంది ప్రాణములు కోల్పోయిరి. 1998 ఏప్రిల్ 10 ఒడంబడిక మరల శాసనసభను కల్పించినది. అయితే ఇరువర్గములును ప్రభుత్వమున తప్పక పాలు పంచుకొనవలెననియు, ఉత్తర ఐర్లండు ప్రజలలో అధికసంఖ్యాకులు కోరినయెడల ఐక్యరాజ్యమును విడిచి ఐర్లండుతో చేరవచ్చుననియు అంగీకరించినది. దానిని ఓటర్లలో 71.1 శాతము బలపరచిరి. ఆ సభ తరువాతను పెక్కుమార్లు నిలిచిపోయి, 2024 లో మరల కూడెను.

ఈ అధ్యాయము అధికార ప్రదానపక్షమువారికి ఒక హెచ్చరిక. కేంద్రమునుండి ప్రాంతమునకు అధికారము దిగినంత మాత్రమున అది ప్రజలకు దిగినట్లు కాదు. ప్రాంతములోని అధికసంఖ్యాకుల చేతిలో అది గట్టిపడిపోవచ్చును. డైసీ మూడవ అభ్యంతరము నిజమైనది; అయితే ఆతడు భయపడిన అల్పసంఖ్యాకులు వేరు, నష్టపడిన అల్పసంఖ్యాకులు వేరు.

స్కాట్లండు, వేల్సు

స్కాట్లండున ఈ కోరిక నెమ్మదిగా పెరిగెను. 1885 లో స్కాట్లండు వ్యవహారములకు ఒక ప్రత్యేక కార్యాలయము, 1964 లో వేల్సుకు ఒక మంత్రి ఏర్పడినను అవి పరిపాలనా వికేంద్రీకరణములే. 1966 లో వేల్సు జాతీయపక్షమును, 1967 లో హామిల్టన్ ఉపఎన్నికలో స్కాటిష్ జాతీయపక్షమును గెలిచిన తరువాత లండను ప్రభుత్వము మేల్కొని 1969 లో ఒక విచారణసంఘమును నియమించెను. కిల్‌బ్రాండన్ పేర ప్రసిద్ధమైన దాని నివేదిక 1973 లో వచ్చెను. 1974 అక్టోబరు ఎన్నికలలో స్కాటిష్ జాతీయపక్షము స్కాట్లండు ఓట్లలో 30 శాతమును, 11 స్థానములను పొందెను. ఈ అంకెలను గుర్తుంచుకొనవలెను. స్కాటిష్ పార్లమెంటు ఏర్పడుటచే జాతీయవాదము పుట్టినదనువారికి ఇవియే సమాధానము. ఆ పార్లమెంటు అప్పటికి లేదు, జాతీయవాదము ఉన్నది.

1979 మార్చి 1న జరిగిన ప్రజాభిప్రాయసేకరణమున స్కాట్లండు ఓటర్లలో 51.6 శాతము అనుకూలముగా పలికిరి. కాని ఓటుహక్కుగల వారందరిలో 40 శాతము అంగీకారము ఉండవలెనను నిబంధన శాసనమున చేర్చబడియుండెను. వచ్చినది 32.9 శాతము. అందుచే శాసనము రద్దయ్యెను. వేల్సున నలుగురిలో ఒక్కరైనను అనుకూలముగా ఓటు వేయలేదు. 1989 లో తలపన్నును ఇంగ్లండుకంటె ఒక సంవత్సరము ముందుగా స్కాట్లండున ప్రవేశపెట్టుట, తాము ఎన్నుకొనని పక్షము తమను పాలించుచున్నదను భావమునకు ఆజ్యము పోసెను. 1997 సాధారణ ఎన్నికలలో కన్సర్వేటివులకు స్కాట్లండున ఒక్క స్థానమైనను రాలేదు. అదే సంవత్సరము సెప్టెంబరున జరిగిన సేకరణమున 74.3 శాతము స్కాటిష్ పార్లమెంటును కోరిరి. వేల్సు 6,721 ఓట్ల స్వల్పాధిక్యముతో అంగీకరించెను. పద్దెనిమిదేండ్ల నిరాకరణము కోరికను తగ్గింపలేదు, పెంచెను.

ప్రజాభిప్రాయసేకరణమును స్వగృహపాలనకు అడ్డుకట్టగా బ్రిటనులో మొదట ప్రతిపాదించినవారిలో డైసీయే ముఖ్యుడు. శతాబ్దము గడచిన పిదప ఆ అడ్డుకట్టయే ద్వారమైనది.

1999 నుండి పనిచేయుచున్న స్కాటిష్ పార్లమెంటునకు విదేశాంగము, దేశరక్షణ వంటి ప్రత్యేకించిన విషయములు తప్ప మిగిలినవన్నియు దక్కినవి. దీనితో జాతీయవాదము అంతరించునని లేబరు నాయకులలో కొందరు ఆశించిరి. రాజ్యము విచ్ఛిన్నమగునని కన్సర్వేటివులలో కొందరు భయపడిరి. ఇరువురి జోస్యములును తప్పినవి. 2011 లో 129 స్థానములలో 69 గెలిచి జాతీయపక్షము సంపూర్ణాధిక్యము పొందెను. కావున ఆశ వమ్మయ్యెను. 2014 సెప్టెంబరు 18న స్వాతంత్ర్యముపై జరిగిన సేకరణమున 55.3 శాతము సమైక్యమునే కోరిరి. కావున భయమును వమ్మయ్యెను. ఓటర్లలో 84.6 శాతము పాల్గొనిరి. ఒక్క తుపాకి మ్రోగలేదు. మూడువందల ఏండ్ల రాజ్యము తన ఉనికిని ఓటుపెట్టెలో నుంచి గెలుచుకొనుట లోకమున అరుదు.

ఇంగ్లండు ప్రశ్న, సార్వభౌమత్వ ప్రశ్న

ఇంగ్లండు జనసంఖ్య ఐక్యరాజ్యపు జనసంఖ్యలో దాదాపు 84 శాతము. దానికి ప్రత్యేక పార్లమెంటు లేదు. గ్లాడ్‌స్టనును వేధించిన ప్రాతినిధ్య సమస్యను 1977 లో టామ్ డియెల్ అను స్కాటిష్ సభ్యుడు మరల లేవనెత్తెను. ఆతని నియోజకవర్గము పేర అది 'వెస్ట్ లోదియన్ ప్రశ్న' యని ప్రసిద్ధిచెందినది. ఇంగ్లండుకు మాత్రమే చెందిన శాసనములకు ఇంగ్లీషు సభ్యుల ప్రత్యేకాంగీకారము కావలెనని 2015 లో నియమము చేసి, 2021 లో దానిని రద్దుచేసిరి. సమస్య అట్లే యున్నది. ఒక భాగము మిగిలినవాటికంటె ఇంత పెద్దదైనపుడు సరియైన సమాఖ్యయు సులభము కాదు.

ఇంతకంటె లోతైనది డైసీ మొదటి వాదము. 1998 శాసనము స్కాట్లండుకు పార్లమెంటు నొసంగుచునే, ఆ దేశమునకు శాసనములు చేయు లండను అధికారము చెక్కుచెదరలేదని ప్రకటించెను. అప్పగించిన విషయములలో స్కాటిష్ పార్లమెంటు అంగీకారము లేనిదే లండను సామాన్యముగా శాసనము చేయదను సంప్రదాయమును నెలకొల్పిరి. 2016 శాసనము ఆ సంప్రదాయమును పేర్కొని, స్కాట్లండు ప్రజల ఓటు లేనిదే వారి పార్లమెంటు రద్దు కారాదనియు చెప్పెను. కాని ఆ సంవత్సరమే ఐరోపా సమాజమును విడుచుటపై జరిగిన సేకరణమున ఐక్యరాజ్యము మొత్తముమీద విడువవలెననెను. స్కాట్లండున 62 శాతము, ఉత్తర ఐర్లండున 55.8 శాతము ఉండవలెననిరి. 2017 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఆ సంప్రదాయమును రాజకీయ మర్యాదయే గాని న్యాయస్థానము అమలు జరుపదగినది కాదని తీర్పు చెప్పెను. 2018 లో స్కాటిష్ పార్లమెంటు అంగీకరింపకున్నను విరమణ శాసనము చేయబడెను. 2022 నవంబరున, లండను సమ్మతి లేనిదే స్వాతంత్ర్యముపై సేకరణము జరుపుటకు శాసనము చేయు అధికారము స్కాటిష్ పార్లమెంటునకు లేదని అదే న్యాయస్థానము నిర్ణయించెను.

న్యాయశాస్త్రరీత్యా ఈ తీర్పులు తప్పని అనుటకు వీలులేదు. డైసీ సిద్ధాంతము న్యాయస్థానమున ఓడలేదు. ఐనను ఒక సందేహము మిగులును. 2014 లో సమైక్యమును గెలిపించినది సార్వభౌమత్వ సిద్ధాంతమా, లేక ఉభయ ప్రభుత్వములు 2012 లో చేసికొన్న ఒప్పందమా? ఒప్పందమే యని నా అభిప్రాయము. విడిపోవు స్వేచ్ఛ చేతనుండగా కలసియుండుటను ఎన్నుకొన్నవాని అంగీకారమునకు గల బలము, విడిపోలేనివాని మౌనమునకు లేదు.

ఉపసంహారము

పైని మూడు అనుభవములనుండి మూడు అంశములు తేలుచున్నవి. మొదటిది కాలము. ఐర్లండు 1886 లో కోరినదానిని 1914 లో ఒసంగజూచినపుడు కోరిక మారిపోవుచుండెను. రెండవది అంతర్న్యాయము. ఉత్తర ఐర్లండువలె ప్రాంతములోని అల్పసంఖ్యాకులను మరచిన స్వపాలనము సమైక్యమునకును, స్వపాలనమునకును చేటు. మూడవది, నా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైనది, నమ్మకము. ఎంత అధికారము ఇచ్చితిమను ప్రశ్నకంటె, ఇచ్చినది ఎవరి దయపై నిలిచియున్నదను ప్రశ్న ప్రధానము. ఇచ్చినవాడు తలచినపుడెల్ల తీసికొనగల అధికారము ఎంత విస్తారమైనను అది హక్కు కాదు, అనుగ్రహము. అనుగ్రహమునకు కృతజ్ఞత కొంతకాలమే యుండును.

మన దేశమునను ఇట్టి భయమే ఒకప్పుడు వినవచ్చినది. 1949 లో జవహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి సీతారామయ్యలతో కూడిన కాంగ్రెసు సంఘము భాషారాష్ట్రముల వలన దేశసమైక్యమునకు హాని కలుగవచ్చునని సంశయించెను. ఆంధ్రుల విషయమున మాత్రము కొంత వెసులుబాటు చూపెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. దేశము విచ్ఛిన్నము కాలేదు. మన రాష్ట్రముల శాసనాధికారము ఒక సభ దయపై కాక రాజ్యాంగముపై నిలిచియున్నది. అయినను రాష్ట్రముల సరిహద్దులను మార్చు అధికారము అదే రాజ్యాంగము పార్లమెంటునకు ఒసంగినది. ఈ పోలికయు, భేదమును వేరొక వ్యాసమునకు తగిన విషయములు.

మిల్, ఆక్టన్‌లలో ఎవరు గెలిచిరి? పెక్కు జాతులు కలసి స్వేచ్ఛగా జీవించుట కష్టమని మిల్ చెప్పినది ఐర్లండు నిరూపించినది. అది అసాధ్యము కాదని స్కాట్లండు ఇప్పటివరకు నిరూపించుచున్నది. 'ఇప్పటివరకు' అను మాట ఈ వాక్యమున అవసరము. ఏలయన ఆక్టన్ దానిని పరీక్ష యన్నాడు. పరీక్ష ఒక్కసారితో ముగియునని ఆతడు అనలేదు.